ఒకే గౌలైటర్, రెండు పతనాలు: యూలియస్ స్ట్రైఖర్ గురించి పాఠకుల ప్రశ్నలు

నాజీ జర్మనీ మీద ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలా భాగం ఒక్క మనిషి చుట్టూనే తిరిగాయి. అతను ఫ్రాంకోనియా ప్రాంతపు పార్టీ అధిపతి యూలియస్ స్ట్రైఖర్. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి స్ట్రీచర్ అనీ స్ట్రైచర్ అనీ చదివేది ఈ పేరునే. 1940లో అతని పదవి ఊడింది, 1946లో అతన్ని ఉరి తీశారు. ఈ రెండింటినీ ఒకే కథగా కలిపేసి, "పాపం పండింది" అని ముగించడం మామూలైపోయింది. మొదటిసారి అతన్ని దించింది నాజీలే, అదీ యూదుల మీద చేసిన అఘాయిత్యాలకు కాదు. ఈ తేడా తెలియకపోతే ఆ రాజ్యం ఎలా నడిచిందో అర్థం కాదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఇతనికే ఇచ్చాం.

ప్రశ్న: గౌలైటర్ అంటే మన జిల్లా కలెక్టరు లాంటివాడా, గవర్నరు లాంటివాడా?

జవాబు: రెండూ కాదు. కలెక్టరు, గవర్నరు ప్రభుత్వ పదవులు. గౌలైటర్ పార్టీ మనిషి. జర్మన్‌లో "గౌ" అంటే ప్రాంతం, "లైటర్" అంటే నాయకుడు. నాజీ పార్టీ తన సౌకర్యం కోసం దేశాన్ని గౌలుగా విడగొట్టుకుంది. యుద్ధకాలానికి ఇవి 42 అయ్యాయి. విదేశాల్లోని జర్మన్ల కోసం పెట్టిన శాఖను కూడా కలుపుకుంటే 43. గౌ కింద క్రైస్, దాని కింద ఊరి శాఖ, ఆ కింద సెల్, అట్టడుగున బ్లాక్. ఒక్కో బ్లాక్ నాయకుడి కింద 40 నుంచి 60 కుటుంబాలుండేవి. ఎవరింటికి ఎవరొస్తున్నారు, ఎవరు చందా ఎగ్గొట్టారు అన్న కబురు ఈ నిచ్చెన ఎక్కి పైకి చేరేది.

గౌలైటర్‌ను నియమించేది హిట్లర్, తీసేసేది కూడా హిట్లరే. మధ్యలో ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. 1933 తర్వాత చాలామంది గౌలైటర్లు ప్రాంతీయ పాలకుల కుర్చీలు కూడా దక్కించుకున్నారు. పార్టీ, ప్రభుత్వం రెండూ ఒకే చేతికి వచ్చాయన్నమాట. స్ట్రైఖర్‌కు ఈ రెండోది దక్కలేదు. ఫ్రాంకోనియా బవేరియాలో భాగం, అక్కడ రైఖ్ గవర్నరు ఫ్రాంట్స్ ఫాన్ ఎప్. పార్లమెంటు సభ్యత్వం, పార్టీ ప్రైవేటు సైన్యమైన ఎస్.ఎ.లో పెద్ద హోదా ఉన్నా, ఒక్క ప్రభుత్వ దస్త్రం మీద కూడా చట్టప్రకారం సంతకం పెట్టే అధికారం స్ట్రైఖర్‌కు లేదు. అయినా ఫ్రాంకోనియాలోని పెద్ద నగరం న్యూరెంబర్గ్‌లో అతని మాటే చెల్లింది. దాని వెనకున్న దన్నులు మూడు: హిట్లర్ అభిమానం, వీధిలోకి దిగే గుంపు, సొంత పత్రిక. ఈ మూడు గుర్తుపెట్టుకుంటే తర్వాతి కథ తేలిగ్గా బోధపడుతుంది.

ప్రశ్న: అతను మొదట బడిపంతులట కదా. అంత ఎత్తుకు ఎలా ఎదిగాడు?

జవాబు: అవును, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. తండ్రి కూడా ఉపాధ్యాయుడే. 1885 ఫిబ్రవరి 12న ఆగ్స్‌బర్గ్ దగ్గరి ఫ్లైన్‌హౌజెన్ అనే పల్లెలో, తొమ్మిది మంది సంతానంలో ఆఖరివాడిగా పుట్టాడు. 1909లో న్యూరెంబర్గ్ బడికి వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఐరన్ క్రాస్ అనే సైనిక పతకం రెండు శ్రేణులూ అందుకుని లెఫ్టినెంటుగా తిరిగొచ్చాడు. ఓడిపోయి ఆకలితో ఉన్న దేశంలో నేరం మోపడానికి ఎవరో ఒకరు కావాలి. 1919 నుంచి అతని ఉపన్యాసాలన్నింటిలోనూ ఆ ఒకరు యూదులే. ఒక సంస్థలో చేరడం, అక్కడివాళ్ళతో పడక తన మనుషులతో సహా ఇంకోదాంట్లోకి మారడం, మూడేళ్ళు ఇదే వరస.

అతని జాతకం మార్చింది 1922 అక్టోబరు. హిట్లర్‌కు అప్పటికి మ్యూనిక్ దాటి పెద్ద బలం లేదు. స్ట్రైఖర్ తన అనుచరులందరినీ తీసుకుపోయి నాజీ పార్టీలో కలిపేశాడు. దాంతో పార్టీ సభ్యత్వం ఇంచుమించు రెట్టింపైంది. తనతో పోటీ పడగల మనిషి తనంతట తానే వచ్చి తలవంచడం హిట్లర్ ఎన్నడూ మరవలేదు. జైల్లో రాసిన పుస్తకంలో కూడా దాన్ని మెచ్చుకున్నాడు. 1923 నవంబరు 9న, అధికారం లాక్కోవడానికి హిట్లర్ చేసిన మ్యూనిక్ తిరుగుబాటు ఊరేగింపులో స్ట్రైఖర్ ముందు వరసల్లో నడిచాడు. ఆ తర్వాత బడి నుంచి సస్పెన్షన్, 1928లో పూర్తిగా ఉద్వాసన. 1925లో పార్టీ మళ్ళీ లేచి నిలబడగానే గౌలైటర్ పదవి వచ్చింది. హిట్లర్‌ను "నువ్వు" అని ఏకవచనంలో పిలవగలిగిన చాలా కొద్దిమందిలో అతనొకడు. తర్వాత ఎన్ని ఫిర్యాదులు వెళ్ళినా పదిహేనేళ్ళపాటు అతన్ని కాపాడింది ఈ రెండు జ్ఞాపకాలు: 1922లో తెచ్చిచ్చిన బలం, 1923లో కలిసి నడిచిన నడక.

ప్రశ్న: "డెర్ స్టూర్మర్" నాజీ పార్టీ అధికార పత్రికేనా? దానిలో అసలు ఏముండేది?

జవాబు: పార్టీ పత్రిక కాదు, స్ట్రైఖర్ సొంత పత్రిక. 1923లో మొదలైంది, వారానికో సంచిక. పార్టీ ఖాతాతో నిమిత్తం లేకుండా లాభాలు అతని జేబులోకే వెళ్ళేవి. 1940లో పదవి పోయినా పత్రిక పోకపోవడానికి కూడా కారణం ఇదే. 1935కల్లా 6 లక్షల ప్రతులు అమ్ముడయ్యేవని, యుద్ధం తర్వాత నాజీ నాయకుల్ని విచారించిన న్యూరెంబర్గ్ ట్రిబ్యునల్ తన తీర్పులో రాసింది.

మొదటి పేజీ అడుగున ప్రతివారం "యూదులే మన దౌర్భాగ్యం" అన్న వాక్యం అచ్చయ్యేది. అది స్ట్రైఖర్ కనిపెట్టింది కాదు. 19వ శతాబ్దపు చరిత్రకారుడు హైన్రిఖ్ ఫాన్ ట్రైచ్కె మాట. పెద్ద విద్వాంసుడి నోటి నుంచి వచ్చిన ద్వేషం యాభై ఏళ్ళకు చౌకబారు పత్రిక నినాదమైంది. 1925 చివరి నుంచి "ఫిప్స్" అనే సంతకంతో ఫిలిప్ రుప్రెఖ్ట్ కార్టూన్లు వేసేవాడు. వంకర ముక్కు, ఉబ్బిన కళ్ళు, బానపొట్ట, ప్రతివారం అదే ముఖం. చదువు రానివాడికి కూడా అర్థమవ్వాలన్నదే లెక్క. లోపల లైంగిక నేరాల కట్టుకథలు, పసిపిల్లల్ని యూదులు బలిస్తారన్న మధ్యయుగాల నింద. 1934 మేలో ఆ నింద మీదే ఒక ప్రత్యేక సంచిక తెచ్చారు. 1938లో ఆ ప్రచురణ సంస్థే పిల్లల కోసం బొమ్మల పుస్తకం వేసింది. అడవిలో మంచి పుట్టగొడుగులేవో, విషపు పుట్టగొడుగులేవో కొడుక్కి చెబుతూ, యూదుడు విషపు పుట్టగొడుగులాంటివాడని తల్లి నేర్పుతుంది అందులో.

పత్రికకు నిజమైన బలం వీధిలో ఉండేది. బస్సు ఆగేచోట, సంతలో, ఫ్యాక్టరీ గేటు దగ్గర, బడిదారిలో గుంజల మీద నిలబెట్టిన ఎర్రటి చెక్కపెట్టె, దానికి అద్దం తలుపు, పైన పెద్ద అక్షరాల్లో నినాదం. లోపల ఆ వారపు పేజీలన్నీ పరిచి అంటించేవాళ్ళు. పైసా పెట్టకుండా దారినపోయేవాళ్ళంతా చదవొచ్చు. ఆ పెట్టెల్ని స్థానిక కార్యకర్తలే చేయించి నిలబెట్టేవాళ్ళు. ఇక పాఠకుల ఉత్తరాలు. ఫలానా ఊళ్ళో ఫలానా ఉద్యోగి భార్య ఇంకా యూదుడి కొట్లోనే బట్టలు కొంటోంది, ఫలానావాడు యూదుల ఇంటి చావుకు వెళ్ళాడు అని పేర్లతో, ఊళ్ళతో సహా అచ్చేసేవారు. మర్నాడు ఆ పేరు తన వీధిలోని ఎర్రపెట్టెలో కనిపిస్తుంది. భయంతో ఒక్కొక్కరూ యూదు మిత్రుల గడప తొక్కడం మానేశారు. పోలీసు చేయాల్సిన పనిని ఇరుగుపొరుగు చేత చేయించిన పత్రిక అది.

ప్రశ్న: హిట్లర్‌కు అంత దగ్గరివాడైతే 1940లో ఎందుకు తీసేశారు? అవినీతికి అని ఒకచోట, గోరింగ్‌ను తిట్టినందుకు అని మరోచోట చదివాను.

జవాబు: రెండూ నిజమే. గోరింగ్ అంటే హిట్లర్ తర్వాత అంతటి నాజీ నాయకుడు. అసలు మంట మాత్రం డబ్బు దగ్గర రగిలింది. దాన్ని వరసగా చూడాలి.

1938 ఆగస్టు 10న న్యూరెంబర్గ్ నడిబొడ్డున హాన్స్ సాక్స్ చౌకులోని పెద్ద సినగాగ్‌ను (యూదుల ప్రార్థనా మందిరాన్ని) కూల్చడం మొదలుపెట్టారు. అది 1874లో కట్టింది. పాత నగరం అందాన్ని చెడగొడుతోందన్నది సాకు. నగరాల పునర్నిర్మాణం కోసం 1937లో చేసిన చట్టాన్ని ఇందుకు వాడుకున్నారు. జనాన్ని పోగేసి, ఉపన్యాసం ఇచ్చి పని ప్రారంభించినవాడు స్ట్రైఖర్. దేశమంతటా సినగాగులు తగలబడింది ఆ తర్వాత మూడు నెలలకు, నవంబరు 9 రాత్రి.

నవంబరు తర్వాత ఫ్రాంకోనియాలో ఇంకో పని మొదలైంది. భయంతో వణుకుతున్న యూదుల్ని ఒక్కొక్కరినే కార్మిక సంఘం కార్యాలయానికి పిలిపించేవారు. బల్ల మీద దస్తావేజు సిద్ధంగా ఉండేది. ఇల్లు, స్థలం, కొట్టు ఏదైనా సరే ధర పన్ను విలువలో పదోవంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. చదువుకోనిచ్చేవాళ్ళు కాదు. సంతకం పెట్టనంటే బెదిరింపులు, దెబ్బలు. కొనుగోలుదారుగా దస్తావేజులోకి ఎక్కింది డిప్యూటీ గౌలైటర్ కార్ల్ హోల్ట్స్ పేరు, పార్టీ గౌ తరఫున ధర్మకర్త అన్న హోదాలో. తర్వాత ఆ ఆస్తుల్ని తమవాళ్ళకు మంచి ధరకు అమ్మితే మధ్యలో మిగిలేది గౌ ఖాతాకు చేరుతుందన్నది పథకం. ఈ పద్ధతిలో ఆస్తులు మారడాన్ని ఆ రోజుల్లో "ఆర్యీకరణ" అనేవాళ్ళు.

ఇక్కడే బెడిసింది. నవంబరు 12న బెర్లిన్‌లో గోరింగ్ సమావేశం పెట్టి యూదుల మీద వంద కోట్ల రైఖ్‌మార్కుల జరిమానా వేశాడు. వాళ్ళను వ్యాపారాల నుంచి వెళ్ళగొట్టే ఉత్తర్వు తెచ్చాడు. డిసెంబరు 3న ఆస్తుల అమ్మకాలకు ప్రభుత్వ నియమాలు వచ్చాయి. గోరింగ్ లెక్క ఒకటే: యూదుల ఆస్తి మీద వచ్చే ప్రతి పైసా రైఖ్ ఖజానాకు, అక్కడి నుంచి ఆయుధాలకు. దేశాన్ని యుద్ధానికి సిద్ధం చేసే నాలుగేళ్ళ ప్రణాళిక అతని చేతిలో ఉంది, ఖజానా చూస్తే ఖాళీ. సరిగ్గా అప్పుడే ఒక గౌలైటర్ తన ప్రాంతంలో ఆస్తులన్నీ ముందే ఊడ్చి సొంత సంచిలో వేసుకుంటున్నాడు. దస్తావేజుల తీరు మీద సందేహాలు న్యాయశాఖ దాకా వెళ్ళాయి. 1939 ఆరంభంలో గోరింగ్ ఒక విచారణ సంఘాన్ని న్యూరెంబర్గ్ పంపాడు. 1938 నవంబరు 9 నుంచి 1939 ఫిబ్రవరి 9 వరకు, అంటే సరిగ్గా మూడు నెలల లావాదేవీలను ఆ సంఘం తవ్వితీసింది.

హోల్ట్స్ ఇళ్ళ వ్యవహారంతో ఆగి ఉంటే స్ట్రైఖర్ "నాకు తెలియదు, కింది వాళ్ళ పని" అని తప్పించుకునేవాడేమో. కానీ న్యూరెంబర్గ్‌లోనే ఉన్న మార్స్ మోటార్‌సైకిల్ కంపెనీ షేర్లు యూదు సొంతదారుల నుంచి ముఖవిలువలో 5 శాతానికి చేతులు మారి స్ట్రైఖర్ పేరు దగ్గరికే చేరాయి. వంద మార్కుల కాగితం ఐదు మార్కులకు. వాటిని సంపాదించిపెట్టిన అతని అడ్జుటెంట్ (సహాయక అధికారి) హాన్స్ క్యోనిగ్ 1939 ఫిబ్రవరిలో తనను తాను కాల్చుకుని చనిపోయాడు. అన్నీ తెలిసిన సాక్షి అలా మాయమయ్యాడు.

ఈ సంఘానికి అంత సమాచారం దొరకడం వెనక బెన్నో మార్టిన్ ఉన్నాడు. న్యూరెంబర్గ్ పోలీసు అధిపతి, పార్టీ సాయుధ దళమైన ఎస్.ఎస్.లో అధికారి. స్ట్రైఖర్ అక్రమాల మీద అతను ఏళ్ళ తరబడి కాగితాలు పోగేశాడు. మేయరు విల్లీ లీబెల్‌కు కూడా గౌలైటరంటే గిట్టదు. జైల్లో ఖైదీని కొరడాతో కొట్టడం, ఆడవాళ్ళతో వ్యవహారాలు, సభల్లో బూతులు, తోటి నాయకుల మీద పుకార్లు, అన్నీ ఆ దస్త్రంలోకి ఎక్కాయి. గోరింగ్‌కు 1938 జూన్‌లో కూతురు పుడితే, ఆ బిడ్డ సహజంగా కలిగిన బిడ్డ కాదని స్ట్రైఖర్ పదిమందిలో అన్నాడు. మీరు చదివిన తిట్టు ఇదే. డబ్బు గొడవ రాజకీయ కారణం, ఈ మాట సొంత పగ. రెండూ ఒకే మనిషికి, గోరింగ్‌కు, తగిలాయి.

1940 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లోని పార్టీ ఉన్నత న్యాయస్థానం ముందుకు వ్యవహారం వచ్చింది. గౌలైటర్‌ను విచారించగల పార్టీ కోర్టు అదొక్కటే. అధ్యక్షుడు వాల్టర్ బుఖ్. 16వ తేదీన తేల్చిన మాట: స్ట్రైఖర్ మనుషుల్ని నడిపించడానికి తగడు. తీర్పు అమలు కావాలంటే హిట్లర్ ఒప్పుకోవాలి. హిట్లర్ పదవి తీసేశాడు. గౌలైటర్ అన్న బిరుదు మాత్రం ఉంచాడు, పత్రికనూ ఉంచాడు. న్యూరెంబర్గ్‌కు దూరంగా, ఫ్యుర్త్ దగ్గర కాడోల్ట్స్‌బుర్గ్ పక్కన ఉన్న ప్లైకర్స్‌హోఫ్ అనే తన పొలానికి స్ట్రైఖర్ వెళ్ళిపోయాడు. మొదట చెప్పిన మూడు దన్నుల్లో గుంపు పోయింది, హిట్లర్ అభిమానం సగం మిగిలింది, పత్రిక పూర్తిగా నిలిచింది.

ఈ విచారణ మొత్తంలో ఇల్లు పోగొట్టుకున్న యూదుడికి న్యాయం చేద్దామన్న ఊసే లేదు. సొమ్ము ఎవరి పెట్టెలో పడాలన్న దాని చుట్టూనే అంతా నడిచింది. స్ట్రైఖర్ పోయాక ఫ్రాంకోనియా యూదులకు ఊపిరి ఆడిందనుకోకండి. 1941 నవంబరు 29న న్యూరెంబర్గ్ నుంచి మొదటి రైలు సుమారు వెయ్యి మందిని లాత్వియాలోని రీగాకు తీసుకెళ్ళింది. ఆ తరలింపుల్ని నడిపించిన పోలీసు, ఎస్.ఎస్. యంత్రాంగానికి అక్కడ అధిపతి, స్ట్రైఖర్‌ను దించడానికి దస్త్రం కట్టిన ఆ బెన్నో మార్టినే. లంచగొండిని దించినవాడు మంచివాడై ఉండాలని మనసు కోరుకుంటుంది. ఇక్కడ ఆ కోరిక తీరదు.

ప్రశ్న: వేరే గౌలైటర్లనూ ఇలాగే తీసేశారా?

జవాబు: కొందరిని. వాళ్ళను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తీరు కనబడుతుంది. బ్రాండెన్‌బుర్గ్ ప్రాంతంలోని కూర్‌మార్క్ గౌలైటర్ విల్‌హెల్మ్ కూబె 1936లో పడిపోయాడు. పార్టీ కోర్టు అధ్యక్షుడు బుఖ్ భార్యకు యూదు మూలాలున్నాయని అతను రాసిన ఆకాశరామన్న ఉత్తరం బయటపడింది. వియన్నాలో ఓడిలో గ్లోబొచ్నిక్ 1939 జనవరిలో విదేశీ ద్రవ్యం గోల్‌మాల్‌తో పోయాడు. ఇద్దరినీ తర్వాత తూర్పు ప్రాంతాలకు పంపారు. గ్లోబొచ్నిక్ పోలండ్‌లోని లుబ్లిన్‌లో నరమేధం నడిపించాడు. కూబె బెలారుస్ పాలకుడయ్యాడు, 1943 సెప్టెంబరులో ఇంట్లో పనిచేసే యెలేనా మజానిక్ అతని పరుపు కింద పెట్టిన బాంబుకు చచ్చాడు. దొంగతనం, అల్లరి చేసినవాళ్ళకు ఇంకో ఉద్యోగం దొరికింది.

యోజెఫ్ వాగ్నర్ సంగతి వేరు. వెస్ట్‌ఫాలియా, సైలీషియా చూసిన గౌలైటర్. మతం వదిలేసిన ఎస్.ఎస్. యువకుడితో కూతురి పెళ్ళికి వాగ్నర్ భార్య ఒప్పుకోకుండా ఉత్తరం రాసింది. 1941 నవంబరులో గౌలైటర్లందరి ఎదుట ఆ ఉత్తరం చదివించి హిట్లర్ అతన్ని వెళ్ళగొట్టాడు. పార్టీ కోర్టు వాగ్నర్ పక్షాన తీర్పిస్తే హిట్లర్ దాన్ని ఒప్పుకోలేదు. యుద్ధం ముగిసే రోజుల్లో గెస్టపో (రహస్య పోలీసుల) చెరలోనే అతని ప్రాణం పోయింది. చర్చిని వదల్లేకపోవడం ఆ పార్టీలో దొంగతనం కన్నా పెద్ద నేరమైంది.

ప్రశ్న: స్ట్రైఖర్ ఎలా దొరికాడు?

జవాబు: 1945 మే 23న, ఆస్ట్రియా టిరోల్‌లోని వైడ్రింగ్ దగ్గర. 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కు చెందిన మేజర్ హెన్రీ ప్లిట్ అటుగా పోతూ ఒక రైతు ఇంటి దగ్గర ఆగాడు. వసారాలో గడ్డం పెంచిన ముసలాయన బొమ్మ వేసుకుంటున్నాడు. తాను చిత్రకారుడిననీ రాజకీయాలు పట్టవనీ చెప్పాడు. పెట్టుకున్న పేరు జైలర్. అచ్చం యూలియస్ స్ట్రైఖర్‌లా ఉన్నావే అని ప్లిట్ మాటవరసకు అన్నాడు. ఎదుటివాడు తత్తరపడి, ఎలా గుర్తుపట్టావని అడిగేశాడు. ప్లిట్ యూదుడు.

న్యూరెంబర్గ్‌లో మిగిలినవాళ్ళ కథ అంతకు నెల ముందే ముగిసింది. 1944లో పూర్తిస్థాయి గౌలైటర్ అయిన హోల్ట్స్, మేయరు లీబెల్ ఇద్దరూ 1945 ఏప్రిల్ 20న, నగరం అమెరికన్ల వశమైన రోజే చనిపోయారు.

ప్రశ్న: అతనికి మతి సరిగా లేదని అంటారు. అలాంటివాణ్ణి విచారించడం సబబేనా?

జవాబు: అతని వకీలు హాన్స్ మార్క్స్‌కు కూడా ఆ అనుమానం వచ్చి పరీక్ష కోరాడు. ముగ్గురు మానసిక వైద్యులు చూసి విచారణకు తగిన స్థితిలోనే ఉన్నాడని తేల్చారు. తెలివితేటల పరీక్షలో ముద్దాయిలందరిలో అతనిదే తక్కువ లెక్క, 106. అది సగటు మనిషి లెక్కే. "పిచ్చివాడు" అనేస్తే ఆ పత్రికను కొని చదివిన లక్షల మందిని ఏమనాలి?

ప్రశ్న: స్ట్రైఖర్ స్వయంగా ఎవర్నీ చంపలేదు, చంపమని ఆజ్ఞ జారీ చేసే అధికారమూ 1940 తర్వాత లేదు. కేవలం రాతలకు ఉరి వేయడం న్యాయమేనా?

జవాబు: వచ్చిన ప్రశ్నలన్నింటిలో ఇదే గట్టిది. న్యాయస్థానం ఎక్కడ గీత గీసిందో చూస్తే జవాబు దొరుకుతుంది.

కోర్టు ముందున్న నాలుగు అభియోగాల్లో అతని మీద మోపినవి రెండు. ఒకటోది దురాక్రమణ యుద్ధానికి కుట్ర. నాలుగోది మానవత్వం మీద నేరాలు. మొదటి దాంట్లో విడుదల చేశారు. హిట్లర్ యుద్ధ సలహాదారుల గుంపులో అతను ఎన్నడూ లేడు, విధాన నిర్ణయాలతో సంబంధం ఉన్నట్టు రుజువు లేదు. అంటే "నాజీ నాయకుడు కాబట్టి శిక్ష" అన్న తీరులో కోర్టు పోలేదు.

నాలుగో అభియోగంలో బ్రిటిష్ ప్రాసిక్యూటర్ గ్రిఫిత్ జోన్స్ పత్రిక పాత సంచికలనే సాక్షులుగా నిలబెట్టాడు. 1938 నుంచి 1941 వరకు యూదుల్ని వేళ్ళతో సహా పెకలించాలని కోరిన వ్యాసాలు 23. 1941 ఆగస్టు నుంచి 1944 సెప్టెంబరు వరకు నిర్మూలన జరగాలని డొంకతిరుగుడు లేకుండా రాసినవి 26, వాటిలో 12 స్ట్రైఖర్ స్వయంగా రాసినవి. తేదీలు గమనించండి. రెండో వరస వ్యాసాలు వచ్చిన కాలంలో తూర్పున సామూహిక హత్యలు జరుగుతూనే ఉన్నాయి.

హత్యల సంగతి తనకు తెలియదని స్ట్రైఖర్ వాదించాడు. కేసు నిలిచిందీ కూలిందీ ఈ వాదన దగ్గరే. స్విట్జర్లాండ్‌లో వెలువడే యూదుల వారపత్రిక అతనికి క్రమంగా అందేది. తూర్పున ఏం జరుగుతోందో అందులో వార్తలు వచ్చేవి. 1943 నవంబరులో ఆ పత్రిక నుంచి ఒక భాగాన్ని, యూదులు యూరప్‌లో దాదాపు కనుమరుగయ్యారన్న మాటను, స్ట్రైఖర్ తన పత్రికలో యథాతథంగా ఎత్తి వేసి, "ఇది యూదుల అబద్ధం కాదు" అని కింద రాశాడు. ఆ ఒక్క వాక్యంతో అతని వాదన కొట్టుకుపోయింది. అంతా తెలిసి కూడా ఇంకా చంపమని రాశాడని కోర్టు నమ్మింది. హత్యలు సాగుతున్న సమయంలో హత్యకు, నిర్మూలనకు ఉసిగొల్పడం మానవత్వం మీద నేరమేనని తీర్పిచ్చింది.

పక్కనే హాన్స్ ఫ్రిట్షెను చూడండి. ప్రచార మంత్రి గోబెల్స్ శాఖలో రేడియో వ్యాఖ్యాత, అదే బోనులో కూర్చున్నాడు. అతని ప్రసంగాల్లోనూ యూదుల మీద విషం ఉంది. అయినా నిర్మూలించమని ప్రజల్ని పురికొల్పినట్టు రుజువు కాలేదని విడుదల చేశారు. ద్వేషించే మాటకు, చంపమనే మాటకు మధ్య కోర్టు గీసిన గీత ఇది. ఆ గీత సరైన చోటే పడిందని మా అభిప్రాయం. మరణశిక్ష సంగతి వేరే చర్చ, నేరం రుజువైందా అంటే మాత్రం అయింది. 1948 డిసెంబరు 9 నాటి జాతి నిర్మూలన ఒడంబడిక ఉసిగొల్పడాన్ని విడిగా నేరంగా రాసుకుంది. 2003 డిసెంబరులో రువాండా రేడియో, పత్రిక నిర్వాహకులను శిక్షించిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ స్ట్రైఖర్ తీర్పును గుర్తుచేసింది.

1946 అక్టోబరు 1న శిక్ష ప్రకటించారు. 16వ తేదీ తెల్లవారుజామున జైలు వ్యాయామశాలలో పదిమందిని ఉరి తీశారు, స్ట్రైఖర్ ఏడోవాడు. ఉరికంబం దగ్గర అతను "పూరిమ్ పండుగ 1946" అని అరిచాడు. తమను నాశనం చేయబోయిన హామాను అనేవాడు ఉరికంబమెక్కడాన్ని యూదులు గుర్తుచేసుకునే పండుగ పూరిమ్. చివరి క్షణంలో కూడా అతని మనసులో ఉన్నది యూదులే. దేహాల్ని మ్యూనిక్‌లో దహనం చేసి, ఎక్కడా సమాధి మిగలకుండా బూడిదను ఈజార్ నదిలో కలిసే ఏటిలో పోశారు.

ప్రశ్న: ప్లైకర్స్‌హోఫ్ పొలం తర్వాత ఏమైంది?

జవాబు: అమెరికన్ సైన్యం స్వాధీనం చేసుకుంది. స్ట్రైఖర్ ఇంకా న్యూరెంబర్గ్ జైల్లో ఉండగానే, 1945 చివర్లో, నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ యూదు యువతీ యువకులు అక్కడ సమష్టి వ్యవసాయ క్షేత్రం మొదలుపెట్టారు. దాని పేరు కిబ్బుట్స్ నీలి. పాలస్తీనాకు వెళ్ళి సేద్యం చేసుకోవడానికి కావలసిన పని అంతా, పశువుల పోషణ, దుక్కి, కోత, ఆ పొలంలోనే నేర్చుకున్నారు. అక్కడే పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. 1948 దాకా అది నడిచింది.